గాలం పట్టిన చక్రవర్తి

రాజుల చరిత్ర అంటూ మనం హాస్టల్ వరండాలో కూర్చుని బట్టీ పట్టినదంతా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఫలానా సంవత్సరంలో సింహాసనం ఎక్కాడు, ఫలానా వాణ్ణి ఓడించాడు, గుడి కట్టించాడు, చెరువు తవ్వించాడు, కాలం చేశాడు. పరీక్ష రాసి వచ్చిన మరునాడే ఆ సంవత్సరాలన్నీ మర్చిపోయిన వాళ్లలో మేమూ ఉన్నాం. చెరువులు తవ్వించిన రాజులు మన దేశంలో వందల మంది. కానీ ఆ చెరువులో చేపను గాలంతో ఎలా పట్టాలి, ఏ చేపకు ఏ మేత వేయాలి అని కూర్చుని శ్లోకాలు రాసిన చక్రవర్తి మాకు తెలిసి ఒక్కడే. అతడు ఎక్కడో దూరదేశపు రాజు కూడా కాదు. తొమ్మిది వందల ఏళ్ల కిందట మన నడిగడ్డ అతని ఏలుబడిలోనే ఉండింది. అతని పేరు మూడవ సోమేశ్వరుడు. ఈ వార్షికోత్సవ సంచికలో అతని జీవితం గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. సోమేశ్వరుడు అనగానే మన గద్వాల, మల్దకల్ వైపు మిత్రులు కోట కట్టించిన సోమనాద్రి అనుకుంటారు. గద్వాల సంస్థానాధీశుడు సోమభూపాలుడు వేరు, ఈ సోమేశ్వరుడు వేరు. ఇద్దరి మధ్య అయిదు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. మనం చెప్పుకునేది కల్యాణి చాళుక్యుల గురించి. వారి రాజధాని కల్యాణం, అంటే ఇప్పుడు కర్ణాటకలో బీదరు జిల్లాలో ఉన్న బసవకల్యాణ్.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మన నేల ఎప్పుడూ రాజుల కళ్లలో పడుతూనే ఉండేది. బాదామి చాళుక్యులు అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు కట్టారు. తర్వాత రాష్ట్రకూటులు వచ్చారు. వారి తర్వాత కల్యాణి చాళుక్యులు. అలంపురానికి పోయినప్పుడు గుళ్లు చూసి, సంగమంలో స్నానం చేసి వచ్చేస్తాం గానీ, అక్కడి రాళ్ల మీద ఉన్న శాసనాల దగ్గర మనలో ఆగేవాళ్లు తక్కువ. ఆ శాసనాల్లో కల్యాణి చాళుక్యుల కాలంవి కూడా ఉన్నాయి. మన పక్కనున్న కందూరునాడును, అంటే పాలమూరు, నల్లగొండల్లో కొంత భాగాన్ని, సోమేశ్వరుని సోదరుడైన కుమార తైలపుడు పాలించాడు. కాబట్టి ఈ కుటుంబం మనకు పరాయిది కాదు.

సోమేశ్వరుని తండ్రి ఆరవ విక్రమాదిత్యుడు. ఆ వంశంలో అంత గొప్ప రాజు మరొకడు లేడు. 1076లో గద్దెనెక్కి తన పేరు మీద కొత్త శకాన్నే మొదలుపెట్టాడు. యాభై ఏళ్లు పాలించాడు. కాశ్మీరం నుంచి వచ్చిన బిల్హణ కవి అతని మీద కావ్యం రాశాడు. ఆస్తుల పంపకం తగాదాల్లో వకీళ్ల నోట వినబడే మితాక్షర ఉంది కదా, అది రాసిన విజ్ఞానేశ్వరుడు కూడా ఆ రాజు ఆస్థానంలోని వాడే. ఇంతటి తండ్రికి కొడుకుగా పుట్టడం అదృష్టమే గానీ, పెద్ద బరువు కూడా. తండ్రి యాభై ఏళ్లు ఏలాడంటే కొడుకు అన్నేళ్లూ కాచుకుని ఉండాలి. 1126లో సోమేశ్వరునికి పట్టాభిషేకం అయ్యే నాటికి అతడు పడుచువాడు కాదని మనం సులభంగానే ఊహించవచ్చు. ఆ కాచుకున్న కాలంలోనే అతడు చదివాడు, చూశాడు, అడిగి తెలుసుకున్నాడు అని మా నమ్మకం. లేకపోతే రాజైన నాలుగైదేళ్లకే అంత పెద్ద గ్రంథం తయారయ్యేది కాదు.

అతనికి రెండు బిరుదులు ముఖ్యమైనవి. ఒకటి భూలోకమల్లుడు. రెండవది సర్వజ్ఞ చక్రవర్తి, అంటే అన్నీ తెలిసిన చక్రవర్తి. మొదటి బిరుదు కత్తికి సంబంధించినది, రెండవది కలానికి. అతని జీవితంలో మొదటి బిరుదుకు తగిన పనులు తక్కువ, రెండవదానికి తగినవి ఎక్కువ.

ఆ పెద్ద గ్రంథం పేరు మానసోల్లాసం. అభిలషితార్థ చింతామణి అని ఇంకో పేరు కూడా ఉంది. సంస్కృతంలో రాసినది. 1129 నుంచి 1131 మధ్య రాశాడని పండితులు లెక్క కట్టారు. మొత్తం నూరు అధ్యాయాలు. ఇరవై చొప్పున అయిదు భాగాలు. రాజ్యం సంపాదించడం ఎలా అని మొదటి భాగం, దాన్ని నిలబెట్టుకోవడం ఎలా అని రెండవది. ఆ తర్వాత భోగాలు, వినోదాలు, ఆటలు. ఇందులో లేనిది ఏమిటి అని వెదకడమే తేలిక. ఏనుగులు ఉన్నాయి, రత్నాలు ఉన్నాయి, వైద్యం ఉంది, ఇళ్ల కట్టుబడి ఉంది, బొమ్మలు వేయడం ఉంది, సంగీతం ఉంది. సంగీతం గురించి రాస్తూ మరాఠీ దేశంలో ఆడవాళ్లు దంపుళ్ల దగ్గర పాడుకునే ఓవి పాటలను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. చక్రవర్తి అయి ఉండి రోటి దగ్గర పాటను గ్రంథంలో ఎక్కించాడంటే అతని చెవి ఎటువైపు ఉండేదో మనకు తెలుస్తుంది.

వంటల అధ్యాయం చదివితే మన మెస్‌లో చర్చ ఒక పూట ఆగదు. ఇడ్లీకి పూర్వరూపమైన ఇడ్డరిక అందులో ఉంది. అయితే అది బియ్యం కలవని మినప్పిండి ముద్ద, మిరియాలు, జీలకర్ర, ఇంగువ చల్లినది. దోసె ఉంది. చేప కూర ఉంది. చేపను ముక్కలు కోసి బాగా కడిగి, చింతపండు రసంతో ఉడికించి, గోధుమపిండి అద్ది, నూనెలో ఎర్రగా వేయించి, సైంధవ లవణం, ఏలకులు, మిరియాల పొడి చల్లాలట. మిరపకాయ ఊసే లేదు. ఎందుకంటే పోర్చుగీసు వాళ్లు వచ్చేదాకా మన దేశానికి మిరపకాయే తెలియదు. కారం లేని చేపల కూర తిన్న చక్రవర్తిని తలచుకుంటే మాకు కొంచెం జాలి వేసింది.

అదే అధ్యాయంలో ఇంకొక వంటకం ఉంది. పొలాల్లో, నది ఒడ్డున తిరిగే నల్ల ఎలుకలను వేడి నూనెలో వేసి, బొచ్చు తీసి, కడిగి వండే విధానం. ఈ విషయం మేము కావాలనే రాస్తున్నాం. ఎలుక తింటారని, ఎండ్రకాయ తింటారని, చెరువు చేపల నీచు వాసన వస్తుందని మనలో కొందరిని తరగతి గదిలో ఎగతాళి చేసిన రోజులు ఉన్నాయి. ఆ మాటలు పడ్డవాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలో కూడా ఉంటారు. చాళుక్య చక్రవర్తి వంటశాలలో ఆ కూర ఉందని అప్పుడు మాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఇక అసలు విషయానికి వద్దాం. వినోదాల భాగంలో ఇరవై అధ్యాయాలు. ఆయుధ విద్యలు, ఏనుగుల పరుగులు, గుర్రాల ఆటలు, మల్లయుద్ధాలు, కోడిపందేలు, పొట్టేళ్ల పందేలు, దున్నల పందేలు, పావురాలు, వేటకుక్కలు, డేగలు ఇలా వరుసగా సాగుతాయి. ఇవి రాజు ఒక్కడే కూర్చుని చూసేవి కావు. పరివారమూ జనమూ గుమిగూడే వేడుకలు. మన వైపు జాతర్లలో ఎద్దుల బండలాగుడు పోటీలకు ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తాయి కదా, అలాంటి సందడి అనుకోండి. ఈ వరుసలో డేగల వేటకూ మృగాల వేటకూ నడుమ మత్స్యవినోదం ఉంది. అంటే గాలంతో చేపలు పట్టే వినోదం. వల గురించి కాదు, గాలం గురించి. కడుపు కోసం పట్టేవాడు వల వేస్తాడు, ఎందుకంటే వలకు ఎక్కువ పడతాయి. చేపతో ఆడుకోవాలనుకునేవాడు గాలం వేస్తాడు. మనం రెండు పనులకూ గాలమే వేశాం, వల కొనే స్థోమత లేక.

మత్స్యవినోదంలో సోమేశ్వరుడు సుమారు ముప్పై అయిదు రకాల చేపలను లెక్క చెప్పాడు. సముద్రపు చేపలేవి, నదుల చేపలేవి అని విడగొట్టాడు. పొలుసు ఉన్నవి, లేనివి అని మళ్లీ విడగొట్టాడు. పెద్దవి, నడిమివి, చిన్నవి అని ఇంకొకసారి. జంతుశాస్త్రం చదివే మన మిత్రులకు ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఆ తర్వాత ఏ చేపకు ఏ మేత అనేది చెప్పాడు. పిండి ముద్దలకు వచ్చేవి కొన్ని, మాంసానికి వచ్చేవి కొన్ని. ముందు చేపను మేతకు అలవాటు చేయాలి, ఆ తర్వాతే గాలం. కట్టె ఎలా ఉండాలి, దారం ఎలా ఉండాలి, ముల్లు ఎలా ఉండాలి, చిక్కిన చేపను ఎలా ఆడించి ఒడ్డుకు తేవాలి అనేవి కూడా అందులోనే ఉన్నాయి.

ఇది చదివినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చింది. ఎందుకంటే ఇది మా ఊరి చెరువు గట్టు మీద మేము చిన్నప్పుడే నేర్చుకున్న పాఠం. ఆదివారం పూట బట్టలు ఉతుక్కునే నెపంతో చెరువుకు పోయి, చీపురు పుల్లకు దారం చుట్టుకుని, జొన్న బెండు కట్టి, తడి మట్టి తవ్వి తీసిన ఎర్రలను గుచ్చి కూర్చున్న వాళ్లు ఈ హాస్టల్లో ఒక్కరు కాదు. బెండు ఒక్కసారి మునిగితే పరక, పక్కకు జారితే జెల్ల అనే లెక్కలు మాలో మాకుండేవి. అవి సగం తప్పు, సగం ఒప్పు. మా నాయిన లెక్కలు తప్పేవి కావు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి పైనీళ్లలో మేస్తుంది. రోహు నడిమి నీళ్లలో తిరుగుతుంది. మ్రిగాల అడుగున మేస్తుంది. బంగారుతీగ బురదను తవ్వి తింటుంది, అది తవ్వే చోట బుడగలు లేస్తాయి. బుడగలు చూసి ఎక్కడ వేయాలో మా నాయిన చెప్పేవాడు. గాలం వేసే ముందు రెండు పూటలు తవుడు, గానుగపిండి కలిపిన ముద్దలు అదే చోట వేయించేవాడు. ఎందుకు అని అడిగితే చేపకు నమ్మకం కుదరాలి అనేవాడు.

ఇక్కడ చిన్న వివరణ ఇవ్వాలి. బంగారుతీగ సోమేశ్వరుడు చూసిన చేప కాదు. అది మన దేశపు చేపే కాదు. 1939లో శ్రీలంక నుంచి ఊటీకి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు ఇంకొక రకం వచ్చాయి. అక్కడినుంచి దేశమంతా పాకాయి. కానీ దానిని పట్టే ఉపాయం మాత్రం పాతదే. ముందు మేత, తర్వాత ముల్లు.

ఇప్పుడు మా ప్రశ్న ఏమిటంటే, కల్యాణంలో మేడలో పుట్టిన రాజకుమారునికి ఈ ఉపాయం ఎవరు చెప్పారు? ఏనుగుల గురించి రాయడానికి పాత గ్రంథాలు ఉన్నాయి. రత్నాల గురించి ఉన్నాయి. రాజనీతి గురించి కావలసినన్ని ఉన్నాయి. గాలం వేట గురించి అంతకు ముందు ఇంత వివరంగా రాసిన సంస్కృత గ్రంథం దొరకలేదు. ఇంకొక గుర్తు కూడా ఉంది. ఆ ముప్పై అయిదు పేర్లలో రోహితం, పాఠీనం వంటి సంస్కృత నామాలు కొన్నే. తుంబయ, గొజ్జర వంటి పేర్లు పండితుల నోట పుట్టినట్టు కనబడవు. నది ఒడ్డున వల ఆరబెట్టుకునే వాళ్లు పిలిచే పేర్లు అవి. అంటే సోమేశ్వరుడు పడవ వాళ్లనూ వల వాళ్లనూ అడిగాడు. వాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పిన పేరును మార్చకుండా శ్లోకంలో కూర్చాడు. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. అన్నీ తెలిసిన చక్రవర్తి అనే బిరుదులో వాళ్ల వాటా ఎంత అనేది ఎవరూ లెక్క కట్టలేదు.

దీన్ని మేము రాజు మీద నేరంగా మోపడం లేదు. ఆ కాలంలో అడగడమే పెద్ద సంగతి. అతనికి ముందు ఎంతమంది రాజులు కృష్ణ దాటి పోయారు, ఎంతమంది పండితులు కృష్ణలో స్నానం చేశారు! ఒడ్డున ఉన్నవాణ్ణి ఈ చేప ఏం తింటుందని అడిగినవాడు ఒక్కడే. అయినా మాకొక బాధ మిగిలే ఉంది. పీజీలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అనే గడిలో మేము కూలి అని రాశాం. అది నిజమే. కానీ ఆయనకు తెలిసిన చేపల సంగతి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. ఉన్నా రాసేవాళ్లం కాదేమో. చాళుక్యుల గ్రంథం చదివాకే అదీ ఒక విద్య అని మాకు తోచింది.

మిగతా ప్రపంచంలో ఈ విద్య ఎలా నడిచిందో కూడా చూడాలి. ముల్లుకు ఎర్ర ఉన్నీ, ఈకలు చుట్టి, పురుగులాగా కనబడేట్టు చేసి చేపలు పట్టే పద్ధతి మాసిడోనియాలో ఉందని క్రీస్తు శకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రచయిత నమోదు చేశాడు. దీన్నే ఇప్పుడు ఫ్లై ఫిషింగ్ అంటారు. ఇందులో ఎరకు బరువు ఉండదు, దారానికే బరువు. కొరడా ఝళిపించినట్టు దారాన్ని విసరాలి. ఇంగ్లండులో గాలం వేట మీద మొదటి ముద్రిత పుస్తకం 1496లో వచ్చింది. ఆ విషయంలో అందరూ చెప్పుకునే ఐజాక్ వాల్టన్ పుస్తకం 1653లోది. మానసోల్లాసం వీటిలో మొదటిదానికన్నా మూడు వందల అరవై ఏళ్లకు పైగా పాతది. సోమేశ్వరునికి ఈకల గాలం తెలుసని మేము అనడం లేదు. అతడిది మేత పద్ధతి. అయితే ఇప్పుడు ఐరోపాలో, అమెరికాలో బంగారుతీగ మీద ఈకల గాలం వేసేవాళ్లు జట్లుగా కూడి పోటీలు పెట్టుకుంటారు. ఆ చేప మహా అనుమానపు జాతి. అందుకని కొందరు ముందుగా నీళ్ల మీద రొట్టె ముక్కలు చల్లుతారు. చేపలు పైకొచ్చి భయం లేకుండా తింటున్నప్పుడు, రొట్టె ముక్కలా కనబడేట్టు వెంట్రుకలతో కట్టిన గాలాన్ని వాటి మధ్య వేస్తారు. తిరిగి తిరిగి అందరూ చేరేది అక్కడికే. మా నాయిన మాటలో చెప్పాలంటే నమ్మకం కుదరాలి. పట్టిన చేపను తూచి, ఫొటో తీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారట. ఇది చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఇంతకూ సోమేశ్వరుడు రాజుగా ఎలాంటివాడు? చరిత్రకారులు అతణ్ణి పెద్దగా మెచ్చుకోరు. తండ్రి 1118లో గెలుచుకున్న వేంగి దేశం ఇతని కాలంలో మళ్లీ చోళుల వైపు పోయింది. గోదావరి తీరంలో ఇతని సేనలను వెలనాటి గొంకరాజు ఓడించాడు. దక్షిణాన హొయసల విష్ణువర్ధనుడు పైకి సామంతుడే గానీ లోపల స్వతంత్రుడే. ఇటు అనుమకొండలో కాకతీయ రెండవ ప్రోలుడు ఓపికగా బలం పెంచుకుంటూ ఉన్నాడు. ఇలా నాలుగు వైపులా గోడలు నెర్రెలు విడుస్తుంటే చక్రవర్తి కూర్చుని చేపల మేత గురించి రాశాడు అనేది విమర్శ. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. రాజ్యాన్ని నిలబెట్టుకోవడం ఎలా అని ఇరవై అధ్యాయాలు రాసినవాడు ఆ పని సరిగా చేయలేకపోయాడు.

కానీ ఇంకొక వైపు కూడా చూడాలి. పన్నెండేళ్ల పాలనలో అతడు చేసిన యుద్ధాలు తక్కువ. యుద్ధం తక్కువైతే పల్లెల్లో పంట ఇల్లు చేరుతుంది. నడిగడ్డ మీదుగా నడిచిన సైన్యాలకు లెక్క లేదు. సైన్యం నడిచిన ప్రతిసారీ ముందు పోయేది చెరువు కింది చేను. ఒక్క పన్నెండేళ్లు ఆ గోల తగ్గించిన రాజును అసమర్థుడని ఒక్క ముక్కలో తేల్చడం మాకు న్యాయంగా తోచలేదు.

అతడు తండ్రి చరిత్రను కూడా రాయబూనాడు. విక్రమాంకాభ్యుదయం అని దాని పేరు. మనకు దొరికింది అసంపూర్ణంగానే ఉంది. 1138లో సోమేశ్వరుడు మరణించాడు. కొడుకు జగదేకమల్లుడు రాజయ్యాడు. అతనూ పండితుడే, సంగీత చూడామణి రాశాడు. తర్వాత సోమేశ్వరుని మరో కొడుకు తైలపుని కాలంలో రాజ్యం నడుము విరిగింది. ప్రోలుడు అతణ్ణి యుద్ధంలో పట్టుకుని విడిచిపెట్టాడని వేయిస్తంభాల గుడి దగ్గరి 1163 నాటి శాసనం చెబుతుంది. ఇంటి లోపలే సామంతుడైన కాలచుర్య బిజ్జలుడు 1157 నాటికి కల్యాణాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ బిజ్జలుని కొలువులోనే బసవేశ్వరుడు ఉన్నాడు. కులం లేదు, కాయకమే కైలాసం అని నమ్మిన శరణులు, అందులో చెప్పులు కుట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఆ కల్యాణంలోనే కూడారు. పడవ నడిపే అంబిగర చౌడయ్య తన వచనాలను తన పేరుతోనే చెప్పుకున్నాడు. సోమేశ్వరుడు పోయి ముప్పై ఏళ్లు నిండకముందే, అదే ఊళ్లో, నీళ్ల మీద బతికేవాడు తన పేరు తాను నిలుపుకున్నాడు. ఇది తలచుకున్నప్పుడల్లా మాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మానసోల్లాసం తాటాకుల్లోనూ కాగితాల్లోనూ నిద్రపోయింది. బరోడాలోని గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాల వారు 1925లో మొదటి భాగం, 1939లో రెండవది, 1961లో మూడవది ముద్రించారు. మత్స్యవినోదాన్ని వెలుగులోకి తెచ్చినది సంస్కృత పండితుడు కాదు, చేపల శాస్త్రవేత్త. ఆయన పేరు సుందర్ లాల్ హోరా. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న హఫీజాబాద్‌లో 1896లో పుట్టారు. కొండవాగుల చేపల మీద జీవితమంతా పనిచేసి, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు డైరెక్టరు అయ్యారు. 1951లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఈ అధ్యాయం మీద వ్యాసం ప్రకటించి, ఆ పాత పేర్లు ఏ చేపలవో గుర్తించడానికి ప్రయత్నించారు. రాజు అడిగి రాసుకున్న పేర్లకు మళ్లీ చేపలను వెదికి పెట్టడానికి ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఒక చేపల మనిషే రావలసి వచ్చింది. కొన్ని పేర్లకు చేప దొరికింది, కొన్నింటికి దొరకలేదు. పిలిచే నోళ్లు మారిపోతే పేరు ఉండి ఏం లాభం?

మన చెరువుల్లో కూడా ఆ పని జరుగుతూనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. బొచ్చె, రోహు, మ్రిగాల, బంగారుతీగ పెరిగి మత్స్యకారుల సంఘాలకు ఆదాయం వస్తే అది మంచిదే. అయితే వర్షం పడ్డప్పుడు వాగుకు ఎదురెక్కి వచ్చే చిన్న చేపలకు మా నాయిన ఇరవై పేర్లు చెబుతాడు. మాకు తొమ్మిదే వచ్చు. మా తమ్మునికి మూడు.

పోయిన దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు సోమేశ్వరుని పట్టికను మా నాయినకు చదివి వినిపించాం. పేర్లు చాలావరకు అందలేదు. కానీ మేత చెబుతుంటే మాత్రం మధ్యలోనే ఆపి ఇది ఫలానా చేప అయి ఉంటుందని రెండుసార్లు అన్నాడు. ఒకసారి రాజు చెప్పినది తప్పని కూడా అన్నాడు. ఆ మాట నోటుబుక్కులో తేదీ వేసి, ఆయన పేరుతోనే రాసుకున్నాం.

ఈ సంచిక చివర రెండు పేజీలు ఖాళీగా వదలమని సంపాదకవర్గం మిత్రులను అడిగాం, ఒప్పుకున్నారు. మీ ఊరి చెరువులో, వాగులో దొరికే చేపల పేర్లు, అవి ఏం తింటాయో, అది మీకు ఎవరు చెప్పారో వారి పేరుతో సహా అందులో రాసి, వచ్చే వార్షికోత్సవానికి తీసుకురండి. తొమ్మిది పేర్లు మేము ముందే రాసిపెట్టాం.